పిస్తోలు పద్దు

ఉద్యోగరీత్యా పట్టుకున్న జబ్బు ఒకటుంది నాకు. దేనికైనా ఒక ఎక్సెల్ షీట్ తెరుస్తాను. ఇంటి అప్పుకొకటి, అమ్మాయి కాలేజీ చదువుకొకటి, ఇండియాలో నాన్న మందులకొకటి. 2019 డిసెంబర్లో ఇంకొకటి తెరిచి దానికి ‘హాబీ’ అని పేరు పెట్టాను, తుపాకి అని పెట్టడానికి మొహమాటం వేసి. అందులో మొదటి పద్దు: గ్లాక్ 19 పిస్తోలు 549 డాలర్లు, టాక్సు 45, వెరసి 594. దాని కిందే మొత్తం కూడా వేసేశాను. వస్తువు కొన్నాక ఇంక ఖర్చేముంటుంది అని.

మూడేళ్ళకి ఆ మొత్తం 6,924 అయింది. అందులో పిస్తోలు వాటా దాదాపు పన్నెండో వంతు. ఆ షీట్లోకి ఎక్కని పద్దు ఒకటుంది, దాని కోసమే ఇది రాస్తున్నాను. కానీ ముందు ఎక్కినవి చెప్పాలి.

అసలు తుపాకి ఎందుకూ అంటే, నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్ళాను. పదిరోజులు ఎండలో పరేడ్ చేయించి, చివర్లో ఒక పూట పాయింట్ టూటూ రైఫిల్ చేతికిచ్చారు. మనిషికి అయిదు రౌండ్లు. నేల మీద బోర్లా పడుకుని కాల్చాలి. కాల్చాక ఖాళీ తూటాలు అయిదూ ఏరి హవల్దార్‌కి అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా అందరూ గడ్డిలో దేవులాడాల్సిందే. నా అయిదింటిలో మూడు రూపాయి బిళ్ళంత చోట పడ్డాయి. హవల్దార్ ఏమీ అనలేదు గానీ ఆ కాగితాన్ని రెండోసారి చూశాడు. ఇంకో అయిదిస్తే బాగుండుననిపించింది. ఆ ఇంకో అయిదు కోసం ఇరవై రెండేళ్ళు పట్టింది.

హెచ్1బీ మీద ఉన్నన్నాళ్ళు ఆ ఊసే లేదు. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్పితే, ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర పెట్టుకోవడం ఇక్కడ ఫెడరల్ నేరం. 2019లో గ్రీన్ కార్డు వచ్చింది. మా టీమ్‌లో టెక్సాస్‌లోనే పుట్టి పెరిగిన పెద్దాయన ఒకడు రేంజ్‌కి తీసుకెళ్ళాడు. ఆయన పిస్తోలుతో ఒక గంట కాల్చాక నాకు నరసరావుపేట గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి మా ఆవిడని అడిగాను. “మీ ఇష్టం. కానీ పిల్ల చేతికి అందిందంటే మాత్రం ఆ రోజే టికెట్ తీసుకుంటా” అంది. అప్పటికి మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు.

కొనడానికి అరగంట పట్టలేదు. 4473 అని ఒక ఫారం నింపించారు, కంప్యూటర్లో నా పేరు ఏదో సరిచూశారు, డబ్బా చేతికిచ్చారు. పిల్లని బళ్ళో వేసినప్పుడు ఇంతకన్నా ఎక్కువ కాగితాలు అడిగారు. ఆ డబ్బా చూస్తే ముచ్చటేసింది. పిస్తోలుతో పాటు మ్యాగజీన్లు, వాటిలో తూటాలు కుక్కడానికి ఒక ప్లాస్టిక్ ముక్క, తుడవడానికి బ్రష్షు, తాళం వేసుకోవడానికి ఒక ఇనప తీగ. తాళం ఊరికే ఇచ్చినది కాదు, పిస్తోలు అమ్మితే తాళమో పెట్టెనో కూడా ఇచ్చి తీరాలని చట్టం ఉంది. అన్నీ ఇందులోనే ఉన్నాయి కదా అనుకున్నాను. కౌంటర్ దగ్గర కుర్రాడు “కళ్ళకీ చెవులకీ ఉన్నాయా?” అని అడిగాడు. నాకు ముందు అర్థం కాలేదు.

పిస్తోలు పేలితే వచ్చే చప్పుడు నూట అరవై డెసిబెల్స్‌కి అటూ ఇటూ ఉంటుంది. దీపావళి లక్ష్మీబాంబు చెవి పక్కన పేలినట్టు కాదు, అంతకన్నా ఎక్కువ, అదీ నాలుగు గోడల మధ్య. పద్దెనిమిది డాలర్లు పెట్టి మామూలు చెవి కప్పులు కొన్నాను. మూడోసారి వెళ్ళినప్పుడు పక్క లైన్‌లో ఎవడో పెద్ద రివాల్వర్ తెచ్చాడు. ఆ రాత్రంతా చెవిలో కీచురాయి. మర్నాడు యాభై అయిదు పెట్టి ఎలక్ట్రానిక్ కప్పులు, వాటి లోపల పెట్టుకోవడానికి నురగ బిరడాలు. మొదటి కప్పులు గరాజ్‌లో ఉన్నాయి, గడ్డి కోసేటప్పుడు పనికొస్తాయి. ఈ హాబీలో ప్రతి వస్తువూ రెండుసార్లు కొంటాం, ఒకసారి చవగ్గా, ఒకసారి సరిగ్గా.

పెట్టె సంగతీ అంతే. మొదట వేలిముద్రతో తెరుచుకునే నలభై డాలర్ల పెట్టె కొని బీరువా పై అరలో పెట్టాను. ఒకరోజు మా ఆవిడ దుమ్ము తుడవడానికి దాన్ని దింపి బల్ల మీద కాస్త గట్టిగా పెట్టింది. టక్కున మూత లేచింది. ఎవరి వేలూ తగల్లేదు. ఇద్దరం దాని వంకా, తర్వాత ఒకరి వంక ఒకరం చూసుకున్నాం. టెక్సాస్‌లో పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి నిండిన తుపాకి అందేలా వదిలేస్తే పెద్దవాళ్ళది నేరం. చట్టం మాట అటుంచి, ఆవిడ టికెట్ మాట నాకు గుర్తుంది. ఆ వారంలోనే 760 డాలర్లకి అయిదడుగుల సేఫ్ ఒకటి, దాన్ని తెచ్చి క్లాజెట్‌లో నేలకి బోల్టులతో బిగించినందుకు 120. అంత సేఫ్‌లో అరచేతి వెడల్పు పిస్తోలు ఒక్కటీ, ధాన్యం కొట్లో ఎలకలా. ఖాళీగా ఎందుకని మా ఆవిడ తన నగలూ, అందరి పాస్‌పోర్టులూ అందులోకి చేర్చింది. అలా ఆ కోడ్ ఇద్దరికీ తెలిసింది.

తూటాల లెక్క వేరే కథ. నేను కొన్న నెలలో నైన్ ఎమ్ఎమ్ తూటాలు యాభై ఉన్న పెట్టె పదకొండు డాలర్లు. ఒక్క పూట రేంజ్‌కి వెళ్తే మూడు పెట్టెలు. పర్లేదు, ఇద్దరం బయట భోంచేస్తే అయ్యేంత. 2020 మార్చి వచ్చింది. బియ్యం, టాయిలెట్ పేపర్‌తో పాటు తూటాల అరలు కూడా ఖాళీ అయ్యాయి. మనిషికి రెండు పెట్టెలే అని కాగితాలు అంటించారు. ఆ ఏడాది చివరికి అదే పెట్టెకి ముప్ఫై అయిదు ఇచ్చి, దొరికిందని సంతోషించాను. ఎన్‌సీసీలో ఖాళీ తూటా ఒక్కటి పోతే గడ్డిలో పాకినవాణ్ణి, ఇక్కడ వెయ్యి తూటాల అట్టపెట్టె గుమ్మంలో పడేసి పోతే అమెజాన్ డబ్బా తీసుకున్నట్టు లోపలికి తెచ్చుకునేవాణ్ణి. మూడేళ్ళలో ఒక్క తూటాలకే 2,600 అయింది.

ఈ ధరల్లో పైకి కనపడని పన్ను కూడా ఉంది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తూటాల తయారీదారు పదకొండు శాతం, పిస్తోలు తయారీదారు పది శాతం కడతారు. అది ధరలో కలిసిపోయి మన దగ్గరికొస్తుంది. ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకి వెళ్తుంది. నేను కాగితం తప్ప మరేదీ కాల్చలేదు గానీ, ఏ అడవిలోనో జింకల గడ్డికి కొంత చందా కట్టిన మాట నిజం. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చిన ఖర్చు అదొక్కటే.

సీసం గురించి ఎవరూ చెప్పలేదు. తూటా వెనక పేలే మందులో సీసం ఉంటుంది. కాల్చినప్పుడు అది పొగలో, చేతుల మీద, చొక్కా మీద, బూట్ల మీద చేరుతుంది. పెద్దవాళ్ళ సంగతి ఎలా ఉన్నా పిల్లల మెదడుకి ఎంత కొంచెమైనా మంచిది కాదు. దానికొక ప్రత్యేకమైన సబ్బు ఉంది, చల్లటి నీళ్ళతోనే కడుక్కోవాలి. బట్టలు విడిగా ఉతకాలి. ఆదివారం రేంజ్ నుంచి వస్తే గరాజ్‌లోనే బట్టలు మార్చుకుని, ఎవరినీ ముట్టుకోకుండా తిన్నగా బాత్‌రూమ్‌కి వెళ్ళడం. “మా నాయనమ్మ మడి పాటిస్తే నవ్వేవారుగా” అంది మా ఆవిడ. బూట్లు బయట వదిలే అలవాటు మనకి ముందునుంచీ ఉంది కాబట్టి ఆ ఒక్కటీ ఖర్చు లేకుండా అయిపోయింది.

ఇవన్నీ అవసరాలు. ఇక సరదాలు. క్లాసులో చేరి, పరీక్షలో యాభై రౌండ్లు కాల్చి, నలభై డాలర్ల ఫీజు కట్టి 2020 మొదట్లో నడుముకి పెట్టుకుని తిరిగే లైసెన్సు తీసుకున్నాను. తర్వాతి ఏడాది సెప్టెంబర్ 1 నుంచి ఆ లైసెన్సే అక్కర్లేదని టెక్సాస్‌లో కొత్త చట్టం వచ్చింది, అది వేరే సంగతి. నడుముకి పెట్టుకోవాలంటే ఒర కావాలి. పాతిక డాలర్లది ఒరుసుకుని చర్మం లేచింది. డెబ్భై డాలర్లది కూర్చుంటే పొట్టలో పొడిచింది. డెబ్భై అయిదుది బాగానే ఉంది గానీ, మామూలు బెల్టు ఆ బరువుకి జారింది. అరవై పెట్టి గట్టి బెల్టు. ప్యాంటు లోపల ఒర పట్టాలంటే నడుము సైజు ఒకటి పెరగాలి, కొత్త ప్యాంట్లు మూడు. అంతా అమిరాక చూస్తే, స్కూలుకి తీసుకెళ్ళకూడదు, పోస్టాఫీసుకి తీసుకెళ్ళకూడదు, గుమ్మంలో నిషేధం బోర్డు ఉన్న చోటికి తీసుకెళ్ళకూడదు. నేను తిరిగే చోట్లు ఇంక మిగిలినవి కూరగాయల కొట్టూ, పెట్రోలు బంకూ. కొత్తిమీర కట్ట ఎంచుకుంటున్న మనిషికి నడుమున పిస్తోలేమిటని నాకే అనిపించి ఆరు వారాల్లో మానేశాను. ప్యాంట్లు మాత్రం ఇప్పుడు సరిపోతున్నాయి.

రెడ్ డాట్ దగ్గర ఇంకా ఘోరం. చూపు కాస్త మందగించింది, గురి ముల్లు మసగ్గా కనపడుతోంది. పైన చిన్న అద్దం బిగిస్తే అందులో ఎర్రచుక్క కనపడుతుంది, ఆ చుక్క ఎక్కడుంటే గుండు అక్కడ. అద్దం 290. దాన్ని బిగించడానికి పిస్తోలు పైభాగం చెక్కించాలి, 160. అద్దం అడ్డొచ్చి పాత ముల్లు కనపడదు, పొడుగు ముల్లులు 60. ఇప్పుడా పిస్తోలు ఏ పాత ఒరలోనూ పట్టదు, కొత్త ఒర 85. మన కథలో సన్యాసి గోచీని ఎలకలు కొరుకుతున్నాయని పిల్లినీ, పిల్లి పాలకి ఆవునీ, ఆవుని మేపడానికి పెళ్ళాన్నీ తెచ్చుకున్నాడు చూడండి, ఆయన నయం. చివరికి ఆయనకి పాలన్నా మిగిలాయి.

2022 దసరాకి మా అత్తగారు ఇక్కడున్నారు. ఆయుధపూజ రోజు కార్లకి బొట్టు పెట్టారు, నా లాప్‌టాప్‌కి పెట్టారు, మిక్సీకి కూడా పెట్టారు. తర్వాత గొంతు తగ్గించి “బాబూ, అదేదో ఉందటగా, దానికి కూడా పెట్టనా?” అన్నారు. ఆవిడకి తెలుసని నాకు తెలీదు. వద్దండీ అన్నాను. “పోన్లే, పాండవులు కూడా జమ్మిచెట్టెక్కించి శవమని చెప్పారు, ఎవరూ దగ్గరికి రాకుండా” అని కుంకుమ భరిణ మూసేశారు. ఎత్తిపొడుపో ఓదార్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

2023 జనవరిలో ఒక బుధవారం పొద్దున్న ఏడింటికి మెయిల్ వచ్చింది. తొమ్మిదేళ్ళు చేసిన ఉద్యోగం. ఆ నెల ఎన్ని వేలమందికి వచ్చాయో అలాంటిదే. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి అరవై రోజుల్లో దేశం వదలాలన్న గొడవ లేదు, అదృష్టవంతుడివన్నారు అందరూ. రెండు వారాలు నేనూ అలాగే అనుకున్నాను. రెండు నెలలయ్యేసరికి, నా అనుభవాన్ని నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాళ్ళకి వీడియోలో వివరించి, తర్వాత జవాబు కోసం కూర్చోవడం నా ఉద్యోగమైంది.

ఖర్చులు తగ్గించాలని ఒక రాత్రి ఇద్దరం కూర్చుని నా షీట్లన్నీ తెరిచాం. ‘హాబీ’ కూడా తెరుచుకుంది. 6,924. తిడుతుందనుకున్నాను. ఆవిడ వరసలన్నీ నెమ్మదిగా కిందదాకా చదివి, “నాన్న మందుల షీట్ కన్నా ఇది పొడుగ్గా ఉందే” అంది. అంతే. రేంజ్ మెంబర్‌షిప్ నెలకి ముప్ఫై అయిదు, ఆ రాత్రే తీసేశాను. ఏమన్నా అమ్ముదామా అని చూశాను. వాడిన ఒరలు ఎవరూ కొనరు. చెక్కిన పిస్తోలుకి చెక్కనిదానికన్నా తక్కువ అడిగారు. తూటాలు ఎలాగూ లేవు, ఒక పెట్టె తప్ప.

ఏప్రిల్లో ఒక కంపెనీ ఆరు ఇంటర్వ్యూలు చేసి వద్దంది. ఆ రాత్రి నిద్రపట్టక రెండింటికి లేచి క్లాజెట్‌లోకి వెళ్ళి, సేఫ్ తెరిచి, పిస్తోలు తీసి, నేల మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. శుభ్రం చేద్దామని. మూడు నెలలుగా కాల్చని పిస్తోలుని శుభ్రం చేయాల్సిన పని లేదు. ఆ రాత్రి నాకేం ఆలోచన వచ్చిందో ఇక్కడ రాయను. రాలేదని మాత్రం రాయలేను. ఎంతసేపయిందో, తలెత్తితే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. “పడుకోండి, పొద్దున్న పిల్లకి బస్సుంది” అంది. దాన్ని లోపల పెట్టి తలుపేసి వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం పాస్‌పోర్టు నంబరు కావాల్సొచ్చి సేఫ్ దగ్గరికెళ్తే కోడ్ పనిచేయలేదు. రెండుసార్లు కొట్టాను. “కోడ్ మారిందా?” అని అరిచాను వంటింట్లోకి.

“నేనే మార్చాను.”

ఏళ్ళుగా ఫైల్లో పడున్న ఆ సేఫ్ మాన్యువల్ ఆవిడ చదువుతుందని నాకు తట్టనే లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం పోయిందన్నప్పుడు రాని కోపం అప్పుడొచ్చింది. ఏమనుకుంటున్నావ్ నా గురించి అన్నాను.

“ఏమీ అనుకోవాల్సిన అవసరం రాకూడదనే మార్చాను” అంది. అట్లు పోస్తోంది, పెనం మీంచి చూపు తిప్పలేదు. “పాస్‌పోర్టు నేను తీసిస్తా, ఉండండి.”

మూడు రోజులు మాట్లాడలేదు నేను. నా వస్తువు, నా లైసెన్సు, నా సేఫ్. నాలుగో రోజు, పని లేనివాణ్ణి కాబట్టి, ఒక లెక్క వెతికాను. 2021లో ఈ దేశంలో తుపాకి వల్ల పోయినవాళ్ళు 48,830 మంది. అందులో 26,328 మంది తమని తామే కాల్చుకున్నవాళ్ళు. సగానికన్నా ఎక్కువ. నేను కూర్చున్న లైసెన్సు క్లాసులో ఇంట్లో దొంగపడితే, పార్కింగ్‌లో ఎవడైనా అడ్డొస్తే ఏం చేయాలో పొద్దుణ్ణుంచీ చెప్పారు. ఈ లెక్క చెప్పలేదు. చెప్పినా నేను వినుండేవాణ్ణి కాదు. ఆ 880 డాలర్ల సేఫ్ పిల్ల కోసం కొన్నాను, దొంగ కోసం కొన్నాను. ఇంటి యజమాని కోసం కొంటున్నానని షీట్లో ఏ గడిలోనూ లేదు.

మా ఆవిడకి ఆ అంకెలేవీ తెలియవు. నేను చూపించలేదు కూడా. నాలుగో రోజు రాత్రి భోజనాల దగ్గర పెరుగు అడిగాను, వేసింది.

ఆ మే నెల్లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కోపే యాభై డాలర్లు, ఏడుసార్లు. దాన్ని ‘హాబీ’ షీట్లో రాయాలా, ‘ఆరోగ్యం’ షీట్లో రాయాలా అని కాసేపు చూసి, ఎక్కడా రాయలేదు. ఆగస్టులో ఉద్యోగం దొరికింది, జీతం కొంచెం తక్కువ. ఉద్యోగం వచ్చింది కదా అని కోడ్ నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. స్నేహితులకి చెప్తే ఒకడు నవ్వాడు, ఒకడు మాత్రం కాసేపాగి, సేఫ్ ఏ సైజుది, ఎక్కడ కొన్నావ్ అని అడిగాడు.

అమ్మేయొచ్చుగా అంటే, అమ్మేయొచ్చు. చాలాసార్లు అనుకున్నాను. కానీ నెలకొకసారి ఆ గంట, ఊపిరి సగం వదిలి, ముల్లునో చుక్కనో చూస్తూ వేలు మెల్లగా నొక్కే ఆ క్షణం, దానిలో ఏ ఆలోచనా ఉండదు, నరసరావుపేట గడ్డి వాసన తప్ప. దాన్ని వదులుకోవడం ఇంకా చేతకాలేదు. రేంజ్‌కి వెళ్ళాలంటే చెప్తాను. ఆవిడ వచ్చి తెరుస్తుంది. తిరిగొచ్చాక పెట్టేసి, పెట్టానని చెప్తాను. వచ్చి ఒకసారి తలుపు లాగి చూస్తుంది.

పోయిన శనివారం కీప్యాడ్ వెలగలేదు. బ్యాటరీ అయిపోయింది. తొమ్మిది వోల్టులది ఇంట్లో ఇంకోటి లేదు. స్టూలెక్కి హాల్లో స్మోక్ అలారంలోది ఊడదీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని బిగించి, కళ్ళజోడు సర్దుకుని నంబర్లు నొక్కడం మొదలుపెట్టింది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను, ఏటీయం దగ్గర వెనక నిలబడ్డవాడిలాగా.